కట్టని ఎర్రపట్టీ

"దొరికిందా భూపేష్?"

"నువ్వు నిమిషానికోసారి ఫోన్ చేస్తే యాడ దొరుకుతాది? వెతుకుతాండా. పెట్టెయ్."

సాహితి ఫోన్ పెట్టలేదు. చెవికి అదిమి పట్టుకుని గోడ గడియారం వైపు చూసింది. పదకొండూ పది. విచారణ ముగించి ఒక పేరు తేల్చడానికి ఇచ్చిన గడువు పన్నెండు. పన్నెండు కాగానే కింద వరండాలో కూర్చున్న ఎస్సై మెట్లెక్కి పైకి వస్తాడు. విశ్వాసమ్మను జీపులో ఎక్కించుకుని వెళ్తాడు.

ఇరవై రెండేళ్లుగా కర్నూలులోని ఈ కుందూ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న మనిషి విశ్వాసమ్మ. సోమవారం పొద్దున కోయిలకుంట్ల నుంచి తిమ్మయ్య అనే రైతు కాలికి గొడ్డలి దెబ్బతో వచ్చినప్పుడు మొదట చూసింది ఆమే. నొప్పికి వేసే డైక్లో సూది తనకు పడదని తిమ్మయ్య ఆమెతో చెప్పాడు. ఆ మాట కంప్యూటర్‌లో ఎక్కించానని విశ్వాసమ్మ అంటోంది. కంప్యూటర్‌లో లేదు. ఉండి ఉంటే వార్డులో అతని మణికట్టుకు ఎర్రపట్టీ కట్టేవాళ్లు. పట్టీ లేదు కాబట్టి పై అంతస్తు నర్సు అదే సూది వేసింది. ఐదు నిమిషాల్లో తిమ్మయ్య గొంతు పూడుకుపోయింది. ఇవాళ గురువారం. ఇప్పటికీ ఐసీయూలో గొట్టంతోనే ఊపిరి తీసుకుంటున్నాడు.

ఆ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్ రాసింది సాహితి. ఆరు నెలల కిందట.

తిమ్మయ్య రికార్డును విశ్వాసమ్మ సోమవారం తొమ్మిదీ ఇరవైకి సేవ్ చేసినట్టు నిన్న సాయంత్రం బయటపడింది. ఏమని సేవ్ చేసిందో మాత్రం తెలియదు. అది తెలిసే దారి ఒక్కటే ఉంది. డేటాబేస్ తనలో జరిగే ప్రతి మార్పునూ ఒక చిట్టాలో తనకు తానే రాసుకుంటుంది. ఆ చిట్టాలో సోమవారం పొద్దుటి వరసల కోసం భూపేష్ కింద సర్వర్ గదిలో కూర్చుని వెతుకుతున్నాడు. ఆ ప్రోగ్రామ్ చేసిచ్చిన కంపెనీలో సాహితికి ఉన్న ఒకే ఒక తోడు అతను.

"ఏమ్మా, లోపలికి పోతాండావా?"

సాహితి తల తిప్పింది. విచారణ గది పక్క బెంచీ మీద సోమక్క, తిమ్మయ్య భార్య. ఒళ్లో తెరవని టిఫిన్ క్యారియర్.

"ఆ నర్సమ్మను పట్టుకపోతారంట గదా?" అంది సోమక్క. "నా మొగుడు చెప్పేటప్పుడు నేను పక్కనే ఉండా. ఆమె ఇనుకుంటానే టకటకా కొట్టింది. నా కండ్లతో చూసినా."

"మరి లోపల చెప్పలేదా అక్కా?"

"చెప్పినా. ఆ అద్దాల సారు, నీకు చదువొచ్చా, ఆమె ఏం కొట్టిందో నీకెట్ల తెలుసు అన్యాడు." సోమక్క క్యారియర్ మూత మీద వేలితో గీత గీసింది. "నిజమే. నాకెట్ల తెలుస్తాది? కొట్టింది మాత్రం నిజం."

లోపలి నుంచి పిలుపు వచ్చింది.

*

పొడవాటి బల్లకు ఆ చివర ముగ్గురు. నడుమ కుర్చీలో బాలసుబ్రహ్మణ్యం. ఇంజినీరింగ్ కాలేజీలో ముప్పై ఏళ్లు డేటాబేస్‌ల పాఠం చెప్పి రిటైరైన మనిషి. కర్నూలు, కడప జిల్లాల్లో కంప్యూటర్ మీద చెయ్యి పెట్టినవాళ్లలో సగం మంది ఆయన శిష్యులే. సాహితి కూడా. ఈ ఆసుపత్రికి కంప్యూటర్ల విషయంలో సలహాదారు ఆయనే కాబట్టి, విచారణ చేయమని ఆయన్నే అడిగారు. ఆయన కుడివైపు సూపరింటెండెంట్ డాక్టర్ సుచరిత. ఎడమవైపు, కుర్చీని కాస్త వెనక్కి లాక్కుని, హ్యాండ్‌బ్యాగ్ మోకాళ్ల మీద పెట్టుకుని విశ్వాసమ్మ.

"కూర్చో తల్లీ," అన్నాడు బాలసుబ్రహ్మణ్యం. ఆ గొంతులో తరగతి గదిలో ఉండే మెత్తదనమే ఉంది. "నిన్ను ఇబ్బంది పెట్టాలని కాదు. ఒక్క మాట చెప్పి వెళ్లిపో. నీ ప్రోగ్రామ్, ఎక్కించిన సమాచారాన్ని దానంతట అది చెరిపేస్తుందా?"

"చెరపదు సార్."

"చూశారా డాక్టర్‌గారూ?" ఆయన సుచరిత వైపు తిరిగాడు. "యంత్రం చెరపదు. ఇంకెవరూ చెరపలేదు. అంటే ఎక్కలేదు. ఎక్కించానన్న మాట పొరపాటు. వయసు, అలసట, రద్దీ... ఎవరికైనా జరుగుతుంది."

"నాకు జరగలే," అంది విశ్వాసమ్మ.

"అమ్మా, మీరు..."

"ఎక్కించినానంటే ఎక్కించినా. నా బిడ్డ మీద ఒట్టు పెడితే మీరు నమ్మరు. ఈ డబ్బా చెప్తే మాత్రం నమ్ముతారు. కానీండి, డబ్బానే అడగండి. ఆయమ్మి దాన్ని కన్నతల్లి, ఈడనే కూచోనుంది."

సుచరిత కళ్లద్దాలు తీసి కణతలు నొక్కుకుంది. "విశ్వాసమ్మా, నాకేమైనా సంతోషంగా ఉండాదా? బయట ఆ మనిషి భార్య కూర్చోనుంది. ఫిర్యాదు ఇచ్చినారు. ఎవరో ఒకరి పేరు రాయాల నేను."

"ఎవరో ఒకరి పేరంటే నా పేరేనా మేడమ్?"

సాహితి ఫోన్ బల్ల మీద వణికింది. భూపేష్. అందరికీ వినబడేలా స్పీకర్ నొక్కింది.

"దొరికింది!" అతను అరిచాడు. "తిమ్మయ్య రికార్డు. సోమవారం. మూడు వరసలు ఉండాయి. తొమ్మిదికి రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో పుట్టింది. తొమ్మిదీ ఇరవైకి విశ్వాసమ్మ పేరుతో సేవ్ అయింది. అందులో ఉండాది సాహితీ! పడని మందులు: డైక్లోఫినాక్. అచ్చుగుద్దినట్టు ఉండాది."

విశ్వాసమ్మ ఒళ్లోని బ్యాగ్ జారి నేల మీద పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు.

"మూడోది?" అడిగింది సాహితి. విశ్వాసమ్మ తర్వాత ఆ రికార్డును ఎవరూ ముట్టలేదనే ఇంతవరకు అందరూ అనుకున్నారు.

"పదకొండుంబావుకు. వంటశాల నుంచి. యశోద పేరుతో. తెరిచింది తొమ్మిదీ ఐదుకని ఉండాది. ఆమె మార్చింది ఒక్కటే... రాగి సంగటి, పప్పు, ఉప్పు తక్కువ, పంపించాం అని. కానీ దాంట్లో పడని మందుల దగ్గర..." భూపేష్ ఆగాడు. "లేవు అని ఉండాది."

కాలికి కుట్లు వేశాక తిమ్మయ్యను వార్డుకు తెచ్చింది పదకొండున్నరకు. పదకొండూ నలభైకి సూది వేశారు.

*

"వంటామె మందుల పేరు చెరిపిందా?" సుచరిత కుర్చీలోంచి సగం లేచింది. "ఆమెకు ఆ పేజీ కనబడదు గదా! అన్నం పేజీ తప్ప ఏమీ కనబడదు!"

"ఆమె చెరపలేదు మేడమ్," అంది సాహితి. "ఆమెకు తెలియను కూడా తెలియదు."

"మరి?"

సాహితి బాలసుబ్రహ్మణ్యం వైపు చూసింది. ఆయన కళ్లద్దాల వెనక నుంచి ఆమెనే చూస్తున్నాడు. కాలేజీలో జవాబు తెలిసిన విద్యార్థి చెప్పేదాకా ఆగి చూసినట్టు.

"చెప్పు తల్లీ," అన్నాడు. "డాక్టర్‌గారికి అర్థమయ్యేటట్టు చెప్పు. రోగి వివరాలు డేటాబేస్‌లో ఎలా పెట్టావు?"

ఆమె బల్ల మీది తెల్లకాగితం దగ్గరికి లాక్కుంది.

"రెండు దారులుంటాయి మేడమ్. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు రోగి అంటే ఒకే వస్తువు. పేరు, వయసు, గాయం, పడని మందులు, తినాల్సిన అన్నం, అన్నీ దాంట్లో ఉంటాయి. దాన్ని డేటాబేస్‌లో దాచాలంటే, విడగొట్టి దేనికి దానికి వేరే పట్టికల్లో పెట్టొచ్చు. మందులకో పట్టిక, భోజనానికో పట్టిక. అప్పుడు వంటామె సేవ్ చేస్తే భోజనం పట్టిక ఒక్కటే కదులుతుంది. మందుల జోలికి పోదు. ఇంకో దారి..." ఆమె కాగితం మీద ఒక సున్నా చుట్టింది. "అన్నీ కలిపి మూట కట్టి, ఒకే గడిలో పెట్టేయడం. ఎవరు ఏ చిన్న మార్పు చేసినా మొత్తం మూట తీస్తారు, మొత్తం మూట పెడతారు."

"అయితే?"

"యశోద తొమ్మిదీ ఐదుకు తిమ్మయ్య మూట తెరిచింది. అప్పటికి అందులో పడని మందులు ఏమీ లేవు. తొమ్మిదీ ఇరవైకి విశ్వాసమ్మ తన మూట తెరిచి, మందు పేరు రాసి పెట్టింది. పదకొండుంబావుకు యశోద, తన దగ్గర పొద్దుటి నుంచి తెరిచి ఉన్న పాత మూటలో అన్నం సంగతి రాసి, దాన్ని తీసుకొచ్చి విశ్వాసమ్మ మూట మీద పెట్టేసింది. కిందిది పోయింది. పాతది మిగిలింది."

సుచరిత కాగితం మీది సున్నాను తన వైపు తిప్పుకుంది.

"ఏ దారి ఎంచుకున్నారు?" అంది సుచరిత. "కాదు. ఎవరు ఎంచుకున్నారు?"

పట్టికలుగా విడగొడదామని భూపేష్ అన్నాడు. రెండు రోజులు పోట్లాడాడు కూడా. కానీ ఆ నెలలోనే డయాలసిస్ డాక్టరు పదకొండు మార్పులు అడిగాడు. కడప బ్రాంచి వాళ్లు గర్భిణులకు వేరే వివరాలు కావాలన్నారు. ఎముకల విభాగం ఎక్స్‌రే నంబరు కావాలంది. పట్టికలైతే ప్రతి మార్పుకూ వాటి ఆకారం మార్చాలి, రోజంతా పని ఆపాలి. మూటైతే ఏది కావాలన్నా అందులో పడేయొచ్చు. కొత్త ప్రోగ్రామ్ ప్రారంభానికి ఆసుపత్రి వాళ్లు ముహూర్తం కూడా పెట్టేసుకున్నారు.

"నేనే మేడమ్," అంది సాహితి. "నేనే ఎంచుకున్నాను."

విశ్వాసమ్మ నెమ్మదిగా ఆమె వైపు తిరిగింది. మూడు రోజులుగా ఈ అమ్మాయి ఒక్కతే తన మాట నమ్మింది.

"నువ్వా?" అంది. అంతే.

బాలసుబ్రహ్మణ్యం నిట్టూర్చి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మూడో సంవత్సరం, రెండో పాఠం. ప్రాణానికి సంబంధించిన విషయాన్ని మూటలో కట్టొద్దు, దానికంటూ ఒక చోటు ఉండాలి అని చెప్పానా లేదా? రాసుకున్నావు కూడా. మంచి నోట్సు నీది. ఏటా పిల్లలకు చూపించేవాణ్ని." గొంతు తగ్గింది. "బాధగా ఉంది తల్లీ. కానీ విశ్వాసమ్మగారు నిర్దోషి. అది రాయాలి. లోపం ఎక్కడుందో అది కూడా రాయాలి."

గడియారంలో పదకొండున్నర దాటింది. సుచరిత పెన్ను మూత తీసింది. ఇందాకటి కాగితం మీద విశ్వాసమ్మ పేరు కొట్టేసింది. పక్కన ఏం రాయబోతోందో అందరికీ తెలుసు. జీపు మారదు, టైము మారదు. ఎక్కే మనిషే మారుతుంది.

"ఒక్క నిమిషం," అంది సాహితి. "మూట పద్ధతి నాదే. ఒప్పుకుంటున్నాను. కానీ మేడమ్, మీ ఫైల్లో మేమిచ్చిన డిజైన్ కాగితం ఉంటుంది. చివరి పేజీ చదవండి."

"ఇప్పుడు అవన్నీ ఎందుకు?" అన్నాడు బాలసుబ్రహ్మణ్యం.

సుచరిత అప్పటికే ఫైలు తిప్పుతోంది. చివరి పేజీలో వేలు ఆగింది. పైకి చదివింది. "ఒకరు రోగి రికార్డు తెరిచి ఉండగా మరొకరు అదే రికార్డు మార్చడానికి వీలు లేకుండా తాళం వేయబడును. ఈ తాళం లేకుండా ఈ పద్ధతి వాడరాదు." ఆమె తలెత్తింది. "తాళమా?"

"అవును మేడమ్. ఒకరు మూట పట్టుకుంటే రెండోవాళ్లకు ఎర్రగా హెచ్చరిక వస్తుంది. వాళ్లు పెట్టేదాకా వీళ్లు ముట్టుకోలేరు. ఆ తాళం ఉంటే సోమవారం ఇది జరిగేదే కాదు. నేను పెట్టాను. నా చేతులతో రాశాను."

"కింద మీ సంతకం కూడా ఉండాది సార్," అంది సుచరిత, పేజీ మీద నుంచి కళ్లు తీయకుండా. "చదివితిని, సమ్మతి అని."

"సలహాదారుగా పెట్టి ఉంటాను," అన్నాడాయన. "నూరు కాగితాల మీద పెడతాం. తాళం ఉంటే మరి సోమవారం ఎందుకు పడలేదు? ఆ అమ్మాయినే అడగండి."

ఫోన్ మళ్లీ వణికింది.

*

"సాహితీ, స్పీకర్ ఆపు," అన్నాడు భూపేష్.

"ఫర్వాలేదు. చెప్పు."

"ఆపమంటాండా గదా."

"చెప్పు భూపేష్."

"తాళం తీసేసినారు. పోయిన నెల పద్నాలుగో తేదీ. పొద్దున పదకొండూ ముప్పై రెండుకు ఎవరో సర్వర్‌లోకి వచ్చి, ఆ రెండు లైన్లు పని చేయకుండా చేసి, పది నిమిషాల్లో బయటికి పోయినారు. వచ్చింది... నీ పేరుతో. నీ పాస్‌వర్డ్‌తో."

సుచరిత కుర్చీ చప్పుడు చేస్తూ వెనక్కి జరిగింది.

"పద్నాలుగున నేను కడపలో ఉన్నాను," అంది సాహితి. "బ్రాంచిలో ప్రోగ్రామ్ పెట్టడానికి పోయాను. పొద్దున ఆరు గంటల బస్సు. రాత్రికి గాని రాలేదు."

"కడప నుంచి కూడా సర్వర్‌లోకి రావచ్చు కదా?" అన్నాడు బాలసుబ్రహ్మణ్యం మెల్లగా.

"రాలేదు సార్," ఫోన్లోంచి భూపేష్ అందుకున్నాడు. "ఏ కంప్యూటర్ నుంచి వచ్చినారో కూడా రాసి ఉండాది. ఈ బిల్డింగ్‌లోదే. వంటశాల కంప్యూటర్. సాహితీ, ఆర్నెల్లుగా పాస్‌వర్డ్ మార్చలేదా నువ్వు? పనిచెయ్యను వచ్చినావా, పూజ చెయ్యను వచ్చినావా? ఎవరికి చెప్పినావు?"

"ఎవరికీ చెప్పలేదు!"

"అమ్మా," బాలసుబ్రహ్మణ్యం లేచి నిలబడ్డాడు. చేతులు బల్ల మీద ఆన్చాడు. "పేరు నీది. పాస్‌వర్డ్ నీది. ఎవరికీ చెప్పలేదని నువ్వే అంటున్నావు. పద్ధతి నీదని నువ్వే ఒప్పుకున్నావు. స్నేహితుడికి చెప్పి చేయించావో, ఎలా చేయించావో అవన్నీ పోలీసులు చూసుకుంటారు. నాకు ఇంతకంటే వినే ఓపిక లేదు. నా చేతుల మీద చదువుకున్న పిల్లవు." ఆయన గొంతు వణికింది. ఆ వణుకు నిజమైనదే. "డాక్టర్‌గారూ, ఎస్సైగారిని పిలవండి."

సుచరిత గంట మీద చెయ్యి వేసింది.

"ఆ వంటింట్లో ఎవరు కూచున్యారో యశోదను అడిగితే పోతాది గదా?"

అన్నది విశ్వాసమ్మ. కింద పడిన బ్యాగును అప్పుడే తీసుకుని దుమ్ము దులుపుతోంది.

"ఏమ్మా?" అంది సుచరిత.

"ఆ వంటింటి కంప్యూటరు ముందర ఒకే స్టూలు ఉండాది మేడమ్. యశోద స్టూలు. దాని మీద డాక్టరు కూచున్యా లేపుతాది ఆయమ్మ. అట్లాంటిది పది నిమిషాలు ఎవరో కూచుంటే ఆమెకు తెలీకుండా పోతాదా? మూడు దినాలుగా ఆ డబ్బాను ఇంతమంది అడుగుతాండారు. మనిషిని ఒక్కరన్నా అడిగినారా?"

"వంటామెకు ఏం తెలుస్తుంది? నెల రోజుల కిందటి మాట," అన్నాడు బాలసుబ్రహ్మణ్యం. "పైగా టైము పన్నెండు కావస్తోంది."

"ఇంకా ఇరవై నిమిషాలు ఉండాది సార్," అంది సుచరిత. గంట నొక్కి, లోపలికి వచ్చిన మనిషితో చెప్పింది. "యశోదను రమ్మను. పనిలో ఉండాదన్నా సరే."

*

యశోద వచ్చేదాకా ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో సాహితి ఒక్కటే ఆలోచించింది.

ఎవరికీ చెప్పలేదు. అది నిజం. తల్లికి చెప్పలేదు, భూపేష్‌కు చెప్పలేదు. ఎక్కడా రాసి పెట్టలేదు. రాసి ఉన్నది ఒకే ఒక చోట.

ఆమె చెయ్యి దానంతట అదే పర్సులోకి పోయింది. గాజుల రసీదు, బస్సు టికెట్ల వెనక, మడతల దగ్గర చినగబోతున్న చిన్న కాగితం. మూలకు పసుపు మరక. సర్వర్‌కు పూజ చేసిన రోజున కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చాక, పదిమంది ముందర ఆ కాగితాన్ని పసుపులో అద్ది ఆమె చేతిలో పెట్టారు. 'నీకు నేనే అక్షరాభ్యాసం చేస్తున్నానమ్మా, ఇది నీ తాళంచెవి' అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె వంగి కాళ్లకు దండం పెట్టింది. మొదటి రోజే పాస్‌వర్డ్ మార్చుకోవాలని చదువులేని పిల్లకు కూడా తెలుసు. ఆమె మార్చలేదు. ఆ చేత్తో రాసిచ్చినదాన్ని చెరపడానికి మనసు రాలేదు.

తను ఎవరికీ చెప్పలేదు. తనకే ఒకరు చెప్పారు.

సాహితి కాగితాన్ని పిడికిట్లో నలిపింది. తలెత్తి చూడటానికి భయమేసింది. అలా కాకూడదు. యశోద ఎవరో ముక్కూమొహం తెలియని మెకానిక్ పేరు చెబితే బాగుండు. ఈ మనిషి పేరు కాకుండా ఏ పేరైనా ఫర్వాలేదు అనిపించింది.

తలుపు తోసుకుని యశోద వచ్చింది. నడివయసు మనిషి. కొంగు నడుముకు దోపుకుని, ఎడమ చేతికి సంగటి పిండి అంటుకుని ఉంది. ఇంతమందిని ఒక్కచోట చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మేడమ్, పన్నెండుకు పిల్లల వార్డుకు పంపాల. సంగటి పొయ్యి మీద ఉండాది."

"రెండు నిమిషాలే యశోదా. లోపలికి రా," అంది సుచరిత. "నువ్వు పేషెంట్ల రికార్డులు ఎప్పుడు తెరుస్తావు?"

"పొద్దున్నే మేడమ్. తొమ్మిది కొట్టకముందు నుంచే మొదలుపెడతా. పదైతే ఓపీ జనాలు వస్తారు, ఆ కంప్యూటరు ఎద్దుబండి మాదిరి నడుస్తాది. అందుకే విస్తళ్లు ముందే పరిచి పెట్టుకున్నట్టు అందరివీ వరసగా తెరిచి పెట్టుకుంటా. కొత్తోళ్లు వచ్చినా అప్పటికప్పుడే తెరుస్తా. అన్నం పోయినప్పుడల్లా ఒకటొకటి సేవ్ కొడతా. ఏం, తప్పా?"

సుచరిత ఆ మాట కాగితం మీద రాసుకుంది.

"మొదటి నుంచీ అట్లనే చేస్తాండావా?" అడిగింది సుచరిత.

"యాడ మేడమ్! ముందు శానా నరకం. ఒకటి తెరిస్తే ఎర్రగా వస్తాండె. వేరొకరి దగ్గర తెరిచి ఉన్నది అని. నేను తెరిస్తే ఈ విశ్వాసమ్మక్క పైనుంచి ఫోన్ చేసి తిడతాండె, మూసెయ్ మూసెయ్ అని."

"తిట్టినా," అంది విశ్వాసమ్మ. "రోజూ తిట్టినా."

"పోయిన నెలే ఆ ఎర్రది పోయింది మేడమ్. అప్పటి నుంచి హాయి."

"ఎట్ల పోయింది?"

యశోద ముఖం విప్పారింది. సాహితి కళ్లు మూసుకుంది.

"తనిఖీకి పెద్దపెద్దోళ్లు వచ్చినారే, ఆ పొద్దు. మీరు గూడా ఉండారు. పన్నెండుకు వాళ్లు వార్డులు చూడను వస్తారు, అప్పటికి అన్నాలు పోయి ఉండాల అని చెప్పి పంపినారు మీరు. నేనేమో ట్రేలు సర్దుకొని నిలబడినా. ఏది తెరిచినా ఎర్రదే! ఇంకో అరగంటలో నా ఉద్యోగం పోయిందనుకొని ఏడ్చినా మేడమ్, నిజంగా ఏడ్చినా. అప్పుడొచ్చినాడు సారు. దేవుడు మాదిరి. ఏంటికేడుస్తావు, లెయ్ అని నా స్టూలు మీద కూచున్యాడు. ఏందో టకటకా కొట్టినాడు. పది నిమిషాలు. ఎర్రది మాయం! మళ్లా ఇప్పటిదాకా రాలే. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెడితే రెండుమార్లు వడ్డించుకొని తిన్యాడు పాపం, బజ్జీలు బాగుండాయన్యాడు."

సుచరితకు గుర్తొచ్చింది. తనిఖీ బృందం మెచ్చుకుని వెళ్లిన రోజు. సాయంత్రం శాలువా తెప్పించి తనే కప్పింది. ఎవరికి కప్పిందో కూడా గుర్తొచ్చింది. ఆమె పక్కకు తిరగలేదు. యశోద ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది.

"ఏ సారు యశోదా?"

నడుమ కుర్చీ ముందు బాలసుబ్రహ్మణ్యం ఇంకా నిలబడే ఉన్నాడు. ఒక చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. "డాక్టర్‌గారూ," అన్నాడు, "ఈమెకు తారీఖులు..."

"ఏ సారు, పేరు చెప్పు," అంది సుచరిత.

యశోద నవ్వింది. ఇంత తెలిసిన విషయాన్ని ఇంత పెద్దవాళ్లు తనను అడుగుతున్నందుకు కాస్త సిగ్గుపడింది కూడా. పిండి అంటిన చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"ఎదురుగా పెట్టుకొని ఏ సారు అంటారేంది మేడమ్? బాలసుబ్రహ్మణ్యం సారే గదా! సార్, మీకు దండం పెడతా... ఆ ఎర్రదాన్ని మళ్లా తేవద్దండి."